సీసా ధరలో ఏముంది, చట్టంలో ఏముంది: మద్యం మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

1991లో అక్షరదీపం రాత్రి బడులు నడిచినప్పుడు కలిగిరి వైపు ఒక ఊళ్ళో లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దించినవాళ్ళలో నేనూ ఒకడిని. అప్పటి నుంచి ఇప్పటిదాకా మహిళా సంఘాల వాళ్ళకు అర్జీలు రాసిపెడుతూనే ఉన్నాను. ఆ అర్జీల్లో సగానికి పైగా ఏదో ఒక విధంగా మద్యం గురించినవే. కందుకూరులో అడిగిన ప్రశ్ననే కావలిలోనూ అడుగుతారు, దర్శిలోనూ అడుగుతారు. వాటికి నేను చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను.

మద్యం మీద పన్ను వేసేది కేంద్రమా, రాష్ట్రమా?

రాష్ట్రమే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం మత్తు పానీయాల తయారీ, నిల్వ, రవాణా, కొనుగోలు, అమ్మకాలను రాష్ట్రాలకు అప్పగించింది. 51వ అంశం తాగే మద్యంపై ఎక్సైజ్ సుంకం వేసే అధికారాన్ని, 54వ అంశం దాని అమ్మకంపై పన్ను వేసే అధికారాన్ని ఇచ్చాయి. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం దీనికి మూలం. దానికి ముందు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం మన తాతల కాలంలో ఇక్కడా నడిచింది. పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘ఆబ్కారీ వాళ్ళు’ అనడానికి కారణం అదే.

అన్నిటికీ జీఎస్టీ వచ్చింది కదా, సీసా మీద ఎందుకు లేదు?

జీఎస్టీ కోసం 2016లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు, జీఎస్టీకి ఇచ్చిన నిర్వచనంలోనే ‘మనుషులు తాగే మద్యం తప్ప’ అని రాశారు. అంటే అది పన్నుల మండలి ఇచ్చిన మినహాయింపు కాదు, రాజ్యాంగంలోనే ఉన్న మాట. దాన్ని మార్చాలంటే మళ్ళీ రాజ్యాంగ సవరణే కావాలి. అమ్మకపు పన్నులు చాలావరకు జీఎస్టీలో కలిసిపోయాక, రాష్ట్రాలు తమంతట తాము రేటు పెంచుకోగల పెద్ద ఆదాయాలు పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్ల వంటి కొద్దిపాటివే మిగిలాయి. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఈ సీసాను వదులుకోలేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

బార్లో బిల్లు మీద జీఎస్టీ కనిపించిందంటే అది తిండి మీద వేసినది. మద్యం మీద వేసేది వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను.

క్వార్టర్ ఎమ్మార్పీలో ఏమేమి కలిసి ఉంటాయి?

మొదట తయారీదారుకు దక్కే మూల ధర. దాని మీద ఎక్సైజ్ సుంకం, ఆపైన వ్యాట్, ఆపైన ఎప్పటికప్పుడు ప్రభుత్వం వేసే అదనపు సుంకాలు, సెస్సులు, చివరికి దుకాణదారుడి మార్జిన్. టోకు వ్యాపారం మొత్తం 1986లో ఏర్పడిన రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. ఏ కంపెనీ సరుకైనా కార్పొరేషన్ డిపోకు చేరి, అక్కడి నుంచే దుకాణానికి వెళ్ళాలి. దుకాణదారుడు కంపెనీ దగ్గర నేరుగా ఒక్క సీసా కొన్నా నేరమే.

ధర మీద ప్రభుత్వం వేసే ప్రతి పన్నూ జీవోల రూపంలో బహిరంగంగానే వస్తుంది. అయితే కొనేవాడికి ఇచ్చే బిల్లులో ఆ విడివిడి లెక్క ఉండదు. ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. కరెంటు బిల్లులో సుంకం ఎంతో విడిగా చూపిస్తున్నప్పుడు, కూలి డబ్బుతో కొనే సీసాలో సర్కారు వాటా ఎంతో కొనేవాడికి, వాడి ఇల్లాలికి తెలియాలి.

సీసా మీద 42.8 శాతం, 75 డిగ్రీల ప్రూఫ్, 25 డిగ్రీల అండర్ ప్రూఫ్ అని మూడు రకాలుగా ఎందుకు రాస్తారు?

మూడూ ఒకే సంగతిని చెబుతాయి. పూర్వం ఇంగ్లండులో సారాయి బలాన్ని తెలుసుకోవడానికి దాన్ని తుపాకీ మందు మీద పోసి నిప్పు పెట్టేవారట. మందు అంటుకుంటే సారాయి నిఖార్సయినది, నీళ్ళు కలిసి ఉంటే అంటుకోదు. ఆ హద్దును తర్వాత లెక్కలోకి తెచ్చి వంద డిగ్రీల ప్రూఫ్ అన్నారు. అది మన శాతాల్లో 57.1. అందులో నూటికి డెబ్బై అయిదు వంతులు అంటే 42.8 శాతం. వందకు పాతిక తక్కువ కాబట్టి పాతిక డిగ్రీల అండర్ ప్రూఫ్.

ఇది పాత చోద్యంగా మిగిలిపోలేదు. చాలా చోట్ల సుంకం ఇప్పటికీ ప్రూఫ్ లీటరు లెక్కనే పడుతుంది. ఒక పెట్టె తీసుకోండి. 750 మిల్లీలీటర్ల ఫుల్ బాటిళ్ళు పన్నెండు, అంటే తొమ్మిది లీటర్లు. దాన్ని 0.75తో గుణిస్తే 6.75 ప్రూఫ్ లీటర్లు. అదే క్వార్టర్ల పెట్టెలో 180 మిల్లీలీటర్ల సీసాలు నలభై ఎనిమిది ఉంటాయి, మొత్తం 8.64 లీటర్లు, 6.48 ప్రూఫ్ లీటర్లు. పెట్టె చూడటానికి ఒకటే అయినా లెక్క ఒకటి కాదు.

సంఘం సమావేశాల్లో నేను ఇంకో లెక్క వేసి చూపిస్తాను. క్వార్టర్ సీసాలో 180 మిల్లీలీటర్లకు 42.8 శాతం అంటే దాదాపు 77 మిల్లీలీటర్ల అసలైన ఆల్కహాలు. 5 శాతం బలమున్న 650 మిల్లీలీటర్ల బీరు సీసాలో ఉండేది 32.5 మిల్లీలీటర్లు. ‘క్వార్టరేగా తాగాడు’ అని సర్దుకునే తల్లులకు, అది రెండు పెద్ద బీరు సీసాల కంటే ఎక్కువని చెప్పినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

మద్యం అమ్ముకోవడం కూడా వ్యాపారమే కదా, హక్కు లేదా?

లేదు. ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1994లో ఈ విషయం తేల్చింది. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కిందికి రాదని, రాష్ట్రం దాన్ని పూర్తిగా నిషేధించవచ్చని, తానే నడపవచ్చని, షరతులతో ఇతరులకు ఇవ్వవచ్చని చెప్పింది. 47వ అధికరణ మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలని చెబుతోంది. అది ఆదేశిక సూత్రం కాబట్టి దాన్ని పట్టుకుని కోర్టులో నిషేధం తెప్పించలేము. లైసెన్సును కేవలం ప్రభుత్వం ఇచ్చిన వెసులుబాటుగా చూడండి, దుకాణదారుడితో మాట్లాడేటప్పుడు మీకు జంకు ఉండదు.

మన దూబగుంట ఆడవాళ్ళు తెచ్చిన నిషేధం ఏమైంది? ఇప్పుడు ఆ చట్టం ఉందా, లేదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో ఎక్కువమంది 1995 తర్వాత పుట్టినవాళ్ళు. కొంచెం ముందు నుంచి చెప్పాలి.

ఎనభైల్లో సారాను ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో ఊరూరా చేర్చింది. దుకాణాలకు ఏటా వేలం పాటలు జరిగేవి. పాట పాడినవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కనుక ప్యాకెట్లు పొలం గట్ల దాకా వచ్చేవి, కూలి డబ్బు ఇంటికి చేరకముందే అక్కడ ఆగిపోయేది. అలాంటి రోజుల్లో అక్షరదీపం వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు పలకలు పక్కన పెట్టి ముందు సారా కొట్టు సంగతి తేల్చుకున్నారు. వర్ధినేని రోశమ్మ గారు వాళ్ళలో ముందు నిలిచారు. ఆ ఊరి సంగతి అక్షరాస్యత వాచకంలోకి పాఠంగా ఎక్కింది. మా రాత్రి బడిలో ఆ పాఠం కూడబలుక్కుంటూ చదివిన ఒక అవ్వ పుస్తకం మూసి, ‘ఆళ్ళు చేసింది మనం చేయలేమా నాయనా’ అని అడిగింది. వారం తిరక్కుండా మా ఊరి కొట్టు ముందు చీపుర్లు పట్టుకుని యాభైమంది నిలబడ్డారు.

1992లో నెల్లూరులో సారా పాటలు జరగాల్సిన రోజుల్లో వేలమంది ఆడవాళ్ళు అడ్డుపడటంతో పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. 1994 డిసెంబరులో ఎన్.టి.రామారావు ప్రమాణస్వీకార సభలోనే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం ఖజానా లోటును, దొంగ రవాణాను కారణాలుగా చూపి సడలించింది.

సడలించింది అన్నానే తప్ప ఎత్తివేసింది అనలేదు. 1995 నాటి నిషేధ చట్టం కొన్ని సవరణలతో ఇప్పటికీ ఉంది, సారా మీద నిషేధం ఇప్పటికీ ఉంది. శాఖ పేరులో ఇప్పటికీ ‘ప్రొహిబిషన్, ఎక్సైజ్’ అని రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు.

ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం కూడా మద్యం మీదే పడిపోయిందంటారు, నిజమా?

నిజం. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటికి నిషేధం అన్ని జిల్లాలకూ విస్తరించింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపడ్డప్పుడు ఆ చట్టం మనతో వచ్చింది. దాని పనితీరు చూడమని వేసిన రామమూర్తి కమిటీ నిషేధాన్ని ఎత్తివేయమంది, పంతులు గారు ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఆ విషయం మీద వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం కూలిపోయింది. ఒంగోలు కేంద్రంగా 1970లో ఏర్పడిన జిల్లాకు 1972లో ఆయన పేరే పెట్టారు.

దుకాణాలు ప్రభుత్వానివా, ప్రైవేటువా? నాలుగేళ్ళకోసారి మారుతుంటే ఏదీ అర్థం కావడం లేదు.

2019 అక్టోబరు 1 నుంచి దుకాణాలను కార్పొరేషనే నడిపింది. అంతకుముందు 4,380 ఉన్న దుకాణాలను 3,500కు, తర్వాత 2,934కు తగ్గించారు. ప్రభుత్వం మారాక 2024 అక్టోబరు 16 నుంచి మళ్ళీ ప్రైవేటు వాళ్ళకు ఇచ్చారు. 3,396 దుకాణాలను అక్టోబరు 14న లాటరీ తీసి కేటాయించారు. దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, దుకాణం రాకపోయినా వెనక్కి ఇవ్వరు. లైసెన్సు గడువు 2026 సెప్టెంబరు 30 వరకు. గీత కార్మిక కులాల వారికి పది శాతం దుకాణాలను విడిగా కేటాయించారు. 99 రూపాయల క్వార్టర్ వచ్చింది ఈ విధానంలోనే.

రెండు పద్ధతులనూ దగ్గర నుంచి చూశాను. ప్రభుత్వ దుకాణంలో తెలిసిన బ్రాండు దొరకదని తాగేవాళ్ళు వాపోయేవారు, ప్రైవేటు వచ్చాక ఊరి మధ్య అమ్మకం పెరిగిందని ఆడవాళ్ళు వాపోతున్నారు. అమ్మేవాడికి ఎంత అమ్మితే అంత లాభం అయినప్పుడు ఆ ఒత్తిడి ఊరి మీద పడుతుంది. నేను పాటల కాలం చూసినవాడిని, అందుకే ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ధర బాగా పెంచితే తాగుడు తగ్గదా?

కొంతమేరకు తగ్గుతుంది, అయితే తాగుడుకు బానిసైనవాడి విషయంలో మాత్రం భయపడాలి. 2020 మే నెలలో లాక్‌డౌన్ సడలించగానే ముందు 25 శాతం, మర్నాడే మరో 50 శాతం, మొత్తం 75 శాతం ధర పెంచారు. ఆ జులై చివరలో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. కరోనా కట్టడి వల్ల అక్కడ దుకాణాలు మూసి ఉన్నాయి, చేతిలో డబ్బు లేదు, శరీరం ఊరుకోలేదు. వాళ్ళలో బిచ్చమెత్తుకునేవాళ్ళూ ఉన్నారు.

అందుకే ధర పెంచే జీవోతో పాటే ఆసుపత్రిలో వైద్యానికి డబ్బు కేటాయించే జీవో కూడా రావాలని అడుగుతాను. పన్ను పెంచి వైద్యం ఇవ్వకపోతే ఆ లెక్కలో మనుషుల ప్రాణాలు జమ అవుతాయి. 2024 విధానంలో వ్యసన విముక్తి కోసమంటూ రెండు శాతం సెస్సు పెట్టారు. ఆ డబ్బు మన జిల్లా ఆసుపత్రిలో ఎన్ని మంచాలుగా మారిందో అడగడం మన పని.

శానిటైజర్‌లోదీ, పెట్రోలులో కలిపేదీ, సీసాలోదీ ఒకటే ఆల్కహాలా?

మూలం ఒకటే, ఇథనాల్. చెరకు మొలాసిస్ నుంచో, నూకల నుంచో, మొక్కజొన్న నుంచో తీస్తారు. పన్ను మాత్రం మూడు దారులు పడుతుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ మీద 5 శాతం జీఎస్టీ. పరిశ్రమలకు వెళ్ళే దానిలో తాగకుండా ఉండేందుకు విషం కలుపుతారు, దాని మీదా జీఎస్టీయే. సీసాల్లోకి వెళ్ళే శుద్ధ స్పిరిట్ సంగతి చాలాకాలం ఎటూ తేలలేదు, 2024 నవంబరు 1 నుంచి దాన్ని జీఎస్టీ నుంచి తప్పించి రాష్ట్రాల వ్యాట్‌కు వదిలేశారు. అదే ఏడాది అక్టోబరు 23న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పారిశ్రామిక ఆల్కహాలు కూడా ‘మత్తు పానీయాల’ కిందికే వస్తుందని, దాన్ని నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉందని ఎనిమిది-ఒకటి తేడాతో తీర్పు చెప్పింది. స్పిరిట్ పక్కదారి పట్టి కల్తీ అయితే ‘అది మా పరిధి కాదు’ అని రాష్ట్ర అధికారులు ఇకపై తప్పించుకోలేరు.

నాటుసారా, కల్లు రెండూ ఒకటేనా?

కాదు. కల్లు గీయడం లైసెన్సు ఉన్న వృత్తి. చెట్లకు, సొసైటీలకు ఎక్సైజ్ శాఖే అనుమతులు ఇస్తుంది. నాటుసారా కాయడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం అన్నీ నేరమే. నల్లబెల్లం, నవసారం కలిపి ఊట వేసి కాస్తారు. కల్తీ చేసేవాడు మిథనాల్ కలిపితే ముందు చూపు పోతుంది, ఆపైన ప్రాణం పోతుంది. తాగిన తర్వాత కళ్ళు మసకబారుతున్నాయి అంటే తెల్లారేదాకా ఆగవద్దు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.

బడి, గుడి, హైవే దగ్గర దుకాణం పెట్టవచ్చా?

బడికి, గుడికి, ఆసుపత్రికి వంద మీటర్ల లోపు పెట్టకూడదు. హైవేల విషయంలో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు 500 మీటర్ల హద్దు పెట్టింది. 20 వేలు, అంతకు తక్కువ జనాభా ఉన్న చోట దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. 2017 జులైలో మునిసిపాలిటీల హద్దులో ఈ ఆంక్ష వర్తించదని స్పష్టం చేసింది. 16వ నంబరు జాతీయ రహదారి మీద కావలి, నెల్లూరు, ఒంగోలు ఉన్నాయి కనుక ఊళ్ళో ఒక రూలు, ఊరు దాటగానే ఇంకో రూలు కనిపిస్తుంది. కొలత విషయంలో అనుమానం ఉంటే సర్వేయరు చేత కొలిపించమని రాతపూర్వకంగా అడగండి.

ఎంత వయసు ఉండాలి? మూసి ఉంచే రోజులు ఏవి?

మన రాష్ట్రంలో 21 ఏళ్ళు. గాంధీ జయంతి, స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం రోజుల్లో, పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలు మూసి ఉంచాలి.

తడ దాటితే తమిళనాడే. అక్కడ కొని తెచ్చుకుంటే తప్పేమిటి?

అక్కడ మీరు కట్టిన పన్ను ఆ రాష్ట్రానికి చేరింది. హద్దు దాటిన సీసా ఇక్కడి సుంకం కట్టనిది. అనుమతి పత్రం లేకుండా తెస్తే కేసు అవుతుంది, బండి కూడా స్వాధీనం చేసుకుంటారు. మన డిపో నుంచి వచ్చిన సీసా మూత మీద ఎక్సైజ్ లేబులు, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటాయి. అవి లేని సీసా ఎంత మంచి బ్రాండయినా ముట్టుకోవద్దు.

ఇంట్లో మనిషి మానేస్తానంటున్నాడు. రేపటి నుంచి ఆపేయమనవచ్చా?

ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఫిట్స్ రావడం జరగవచ్చు. కొందరికి అది ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు పర్యవేక్షణలోనే ఆపించండి. 14446 కేంద్ర ప్రభుత్వం నడిపే వ్యసన విముక్తి ఉచిత ఫోను నంబరు. మానేస్తానన్న మాట మనిషి నోట వచ్చిన రోజునే ఫోను చేయండి.

మా ఊళ్ళో బెల్టు షాపు ఉంది. అర్జీ పెడితే ఎవరూ పట్టించుకోవడం లేదు. ఏం చేయాలి?

ముందు మీ అర్జీ తీసి చదువుకోండి. ‘మా ఊళ్ళో మద్యం అమ్ముతున్నారు, చర్య తీసుకోండి’ అని మాత్రమే ఉంటే దాన్ని పక్కన పెట్టడం సులభం. నేనూ ఒకప్పుడు అలాగే రాసిపెట్టాను. మూడు నెలల తర్వాత ‘విచారించగా అలాంటిదేమీ లేదని తేలింది’ అని ఒక కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. విచారణకు ఎవరూ ఊళ్ళోకి రాలేదు.

రెండోసారి సంఘం సభ్యులు వేరే పద్ధతి పట్టారు. కిరాణా కొట్టు వెనక బడి ప్రహరీ ఉంది, రోజూ పొద్దున అక్కడ ఖాళీ క్వార్టర్లు పడి ఉండేవి. పది రోజులపాటు పొద్దున్నే వెళ్ళి, లేబులు చెడకుండా ఉన్న సీసాలను ఏరారు. ఏ రోజు సీసాలను ఆ రోజు వేరే సంచిలో వేసి, సంచి మీద కాగితం అంటించి తేదీ రాశారు. లేబులు మీది సంఖ్యను బట్టి ఆ సీసా ఏ డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్ళిందో శాఖ తన రికార్డులో చూసుకోగలదు. అంటే బెల్టు షాపుకు సరుకు ఇచ్చిన లైసెన్సు దుకాణం దొరుకుతుంది, ఆ లైసెన్సు ప్రమాదంలో పడుతుంది. ఎమ్మార్పీ కంటే ఎంత ఎక్కువకు అమ్ముతున్నారో కూడా తేదీల వారీగా రాశారు. గ్రామసభ తీర్మానం నకలు జత చేశారు. మన మైదాన ప్రాంతంలో తీర్మానానికి దుకాణం మూయించే బలం లేకపోయినా, ఊరంతా అడుగుతోందనడానికి అది సాక్ష్యం.

సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోటికి ఆ పది సంచులతోనే వెళ్ళారు. రసీదు ఇచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. అర్జీ నంబరు రాసుకున్నారు, నకలు ఎక్సైజ్ అధికారికి, తహశీల్దారుకు ఇచ్చి వాళ్ళ చేత కూడా సంతకం పెట్టించుకున్నారు. తొమ్మిదో రోజున జీపు వచ్చింది.